తులసివనం, గంజాయి మొక్క

మా పెరట్లో గోంగూర బాగా పెరుగుతుంది. శాక్రమెంటో ఎండ దానికి పడుతుంది. జూలై వచ్చేసరికి నా భుజం దాకా ఎదిగి కంచె పైనుంచి పక్కింట్లోకి తొంగి చూస్తూ ఉంటుంది. 2017 వేసవిలో ఒక సాయంత్రం నేను నీళ్ళు పెడుతున్నాను. కంచె అవతలినుంచి పక్కింటి పెద్దాయన నన్నూ నా మొక్కల్నీ మార్చి మార్చి చూసి, కన్ను గీటి, "ఆరు దాటినట్టున్నాయే!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడతో చెప్తే ఆవిడకి వెంటనే అర్థమయింది. ఆయన నా గోంగూరని గంజాయి అనుకున్నాడు!

ఆయన తప్పేమీ లేదు. మనం గోంగూర అని పిలిచే వాటిలో రెండు జాతులున్నాయి. వాటిలో గోగునార తీసే జాతికి వృక్షశాస్త్రంలో "హైబిస్కస్ కెన్నబినస్" అని పేరు. అంటే గంజాయిని పోలిన మందారం అని అర్థం. చేతివేళ్ళలా చీలిన ఆకు, అంచున రంపపు పళ్ళు, నిటారు కాండం ఉంటాయి కనక దూరంనుంచి చూసేవాడు పొరబడటంలో వింత లేదు. మర్నాడు ఒక గిన్నెడు గోంగూర పచ్చడి, రెండు చపాతీలు పట్టుకెళ్ళి ఇచ్చి అపోహ తీర్చాను. బదులుగా ఆయన తన మొక్కలు చూపించాడు. సరిగ్గా ఆరున్నాయి.

కేలిఫోర్నియాలో 2016 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరవాత, ఇరవయ్యొకటి నిండినవాళ్ళు సొంత వాడుకకి ఇంటికి ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. వీధిలోకి కనపడకూడదు, తాళం వేసిన చోట ఉండాలి. ఆరుబయట పెంచటాన్ని నిషేధించే అధికారం ఊళ్ళకి ఉంది. పెద్దాయన "ఆరు దాటినట్టున్నాయే" అనటంలో అసలు సంగతి అదన్నమాట.

"తులసివనంలో గంజాయి మొక్క" అనే సామెత వింటూ పెరిగినవాణ్ణి. ఆ రెండూ పక్కపక్కన ఉండటం ఆ రోజే మొదటిసారి చూశాను. కంచెకి ఇటు మా ఆవిడ తులసికోట ఉంటే అటు ఆయన గుడ్డసంచుల కుండీలు ఉన్నాయి.

ఆయన సేద్యం

ఆ పెద్దాయన పదవీ విరమణ చేసిన మనిషి. మా తాత మిరపతోటని చూసుకున్నంత శ్రద్ధగా చూసుకునేవాడు. మార్చిలో ఇంట్లో విత్తనం నానేసి మొలకెత్తించి, మే నెలలో బయట పెట్టేవాడు. నీళ్ళు పెట్టే ముందు కుండీని రెండు చేతులతో కాస్త ఎత్తి చూసేవాడు. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు. "ఈ మొక్క దాహంతో కంటే జాలితో ఎక్కువ చస్తుంది" అనేవాడు. కింది ఆకులు పాలిపోతే నత్రజని చాలలేదని చేపల ఎరువు నీళ్ళలో కలిపి పోసేవాడు. ఆకుల కొసలు మాడితే ఎరువు ఎక్కువయిందని లెక్క. పూత మొదలయ్యాక నత్రజని తగ్గించి భాస్వరం, పొటాష్ ఎక్కువగా ఉన్నది పెట్టేవాడు.

ఈ మొక్క పగటి పొడుగుని లెక్కపెట్టుకుంటుంది. వేసవిలో ఎంత పెద్దదయినా పూయదు. పొద్దు తగ్గి రాత్రులు సాగాక, ఆగస్టులో పూతకి వస్తుంది. ఇంకో విశేషం కూడా ఉంది. మన బొప్పాయిలాగే దీనిలో పోతుమొక్కలు వేరు, పెంటిమొక్కలు వేరు. మత్తు పదార్థం ఎక్కువగా ఉండేది పెంటిమొక్క పూతలో. పుప్పొడి తగిలితే ఆ పూత గింజ కట్టి జిగురు తగ్గుతుంది. అందుకని పోతుమొక్క గుర్తుకు రాగానే పీకెయ్యాలి. అక్టోబరులో ఆయన భూతద్దం పట్టుకుని పూతమీద జిగురు బొట్లు చూసేవాడు. గాజులా ఉన్నవి పాలరంగుకి తిరిగి, అక్కడక్కడ తేనెరంగు కనపడితే కోతకి వచ్చినట్టు. కోసి, చీకటి గదిలో పది రోజులు తలకిందులుగా వేలాడదీసి, ఆ తరవాత సీసాల్లో పెట్టి రోజూ ఒకసారి మూత తీసి గాలి తగలనిచ్చేవాడు.

పోతుమొక్కలు పీకే పద్ధతి కేలిఫోర్నియావాళ్ళు కనిపెట్టిందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే నన్ను పుస్తకాల వేపు తోసింది.

బెంగాలు పరీక్షకులు

ఆ విద్య మన దగ్గర పాతది. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో, బ్రిటిష్‌వారి కాలంలో, లైసెన్సు ఉన్న రైతులు ప్రభుత్వ పర్యవేక్షణలో గంజాయి పండించేవారు. ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరులో గట్లమీద నాటి, పేడ, తెలికపిండి వేసేవారు. నవంబరు ప్రాంతంలో ఒక ప్రత్యేక నిపుణుణ్ణి పిలిపించేవారు. ఆయన్ని పొద్దార్ అనో పరఖ్‌దార్ అనో పిలిచేవారు. పరఖ్ అంటే పరీక్ష. ఆయన చేనంతా వరసలవెంట నడుస్తూ ప్రతి మొక్కనీ చూసి పోతుమొక్కలు విరిచి పడేస్తే, వెనక రైతు వాటిని పీకేసేవాడు. ఒక్క పోతుమొక్క మిగిలినా చేను మొత్తానికి నష్టమే. ఏడాది మొదటి నెలల్లో కోసి, కాళ్ళతో తొక్కి, చదును గంజాయి, గుండు గంజాయి అని రకాలు తయారుచేసి, ప్రభుత్వ గిడ్డంగుల్లో పెట్టి సుంకం కట్టేవారు.

మన మద్రాసు రాజధానిలోనూ లైసెన్సు సాగు ఉండేది. ఉత్తర ఆర్కాటు జవ్వాది కొండలతోపాటు ఆనాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో గంజాయి సాగు జరిగేది. పొగాకులాగా అదీ ఒక వాణిజ్యపు పంటే. నేను బాపట్ల దగ్గరివాణ్ణే అయినా ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఏడు సంపుటాలు

ఈ మందుని పడమటి వైద్యానికి పరిచయం చేసింది కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు. 1839లో ఆయన ప్రకటించిన పత్రం చదివి ఇంగ్లండులో గంజాయి అరకుని మందుల షాపుల్లో పెట్టారు. సుమారు అర్ధశతాబ్దం తరవాత అదే ఇంగ్లండు పార్లమెంటులో, హిందూదేశంలో ఈ మత్తు జనాన్ని పిచ్చివాళ్ళని చేస్తోందని ప్రశ్న లేచింది. 1893లో ఒక సంఘాన్ని వేశారు. మెక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. మొత్తం ఏడుగురిలో ముగ్గురు భారతీయులు. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల్ని విచారించారు. పిచ్చాసుపత్రుల రికార్డులు ఒక్కొక్కటీ తిరగేసి చూస్తే, చాలా కేసుల్లో "గంజాయివల్ల" అన్న మాటకి ఆధారమే లేదు. రోగిని తెచ్చిన పోలీసు ఏదో ఒక కారణం రాయాలి కనక రాసిందే!

1894లో వచ్చిన నివేదిక సారాంశం ఇది: మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తి నిషేధం అక్కర్లేదు, లైసెన్సులతో, సుంకంతో అదుపులో పెడితే చాలు. ఆ సుంకం ప్రభుత్వానికి మంచి రాబడి అనే సంగతి మనం మరచిపోకూడదు. అయినా ఆ విచారణలో ఉన్న ఓర్పు నాకు నచ్చింది.

ఓడ ఎక్కినవాళ్ళకి వేరే న్యాయం

అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో, సముద్రం అవతల, సంగతి వేరు. 1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన "ట్రూరో" అనే ఓడ డర్బను చేరింది. అందులో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళున్నారు. 1911 వరకు ఆ విధంగా నాటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీలు లక్షా యాభై వేలమందికి పైనే. పొద్దస్తమానం చెరకు నరికి, రాత్రి కాస్త పొగ పీల్చేవాళ్ళు వాళ్ళలో ఉండేవారు. ఆ మొక్కని వాళ్ళు తీసుకెళ్ళక్కర్లేదు. "డాగా" అనే పేరుతో అక్కడి ఆఫ్రికన్లకి అది ఎప్పటినుంచో తెలుసు.

1870లో నాటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. భారతీయ కూలీ గంజాయి పీల్చకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, అతనికి ఎవరూ అమ్మకూడదు. ఆ నిషేధం కూలీలకే! తోట యజమానికి లేదు. పనిలో కూలీ మందగిస్తాడనేదే వాళ్ళ బాధ. మద్రాసు రేవులో కొనుక్కోగలిగినదే డర్బను రేవులో దిగేసరికి నేరమయింది. మధ్యలో మొక్క మారలేదు, మనిషి మారలేదు. ఆ మనిషి హోదా మారింది, అంతే.

కేలిఫోర్నియాలోనూ ఇలాంటిదే జరిగింది. 1911లో ఈ రాష్ట్రపు ఫార్మసీ బోర్డు సభ్యుడు హెన్రీ ఫింగర్, హేగ్ నగరంలో నల్లమందు గురించి జరగబోయే అంతర్జాతీయ సమావేశంలో గంజాయిని కూడా చేర్చాలని ఉత్తరం రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకి హిందువులు తండోపతండాలుగా వస్తున్నారు, ఈ అలవాటుని తెల్లవాళ్ళకి అంటిస్తారు అనేది ఆయన భయం. "హిందువులు" అని ఆయన అన్నది మా శాక్రమెంటో లోయలో పొలాలు దున్నిన పంజాబీలని. వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు. పొగ తాగటం వాళ్ళ మతంలోనే నిషిద్ధం! 1913లో కేలిఫోర్నియా గంజాయిని నిషేధించింది. ఆ తరవాత మెక్సికన్ల పేరు చెప్పి మిగతా రాష్ట్రాలు, 1937లో పన్ను చట్టం రూపంలో కేంద్రం, 1970లో పూర్తి నిషేధం వచ్చాయి.

మన దేశం 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి 1985లో కఠినమైన చట్టం చేసింది. దానిలో పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. విడి ఆకు గంజాయి కాదు. అందుకే భంగు దుకాణాలు ఉత్తరాదిలో మిగిలాయి. మన విశాఖ ఏజెన్సీ కథ వేరే. అక్కడి కొండ రైతులకి పెట్టుబడి పెట్టి, పండించి, లారీలకెత్తేది బయటి దళారులు. జైలుకి ఎక్కువగా వెళ్ళేది రైతులూ, మోసే కుర్రాళ్ళూ. 2021లో ఆంధ్ర పోలీసులు "పరివర్తన" పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు.

మా పెరడు

ఇంతవరకు చరిత్ర. ఇక నా తప్పు.

2022 ఏప్రిల్‌లో పెద్దాయన మోకాలి ఆపరేషనుకి వెళ్తూ ఒక మొక్కని నాకు అప్పగించాడు. నేను అమెరికా పౌరుణ్ణి, రాష్ట్రపు చట్టం ఒప్పుకుంటుంది, పైగా నౌగావ్ గురించి చదివిన ఉత్సాహం. పుచ్చుకున్నాను. జూన్‌లో నేను ఇండియా వెళ్ళవలసి వచ్చి, మా ఇంట్లో ఉంటున్న తోడల్లుడి కొడుక్కి, "గోంగూరతోపాటు దీనికీ నీళ్ళు పొయ్యరా" అని చెప్పి వెళ్ళాను. వాడు బుద్ధిగా ఆరు వారాలు నీళ్ళు పోశాడు, ఎరువు వేశాడు. వాడు సిగరెట్టు కూడా ముట్టని పిల్లాడు. వాడి దగ్గర ఉన్నది గ్రీన్‌కార్డు.

ఆ తరవాత పౌరసత్వం దరఖాస్తు నింపుతూ ఒక ప్రశ్న దగ్గర వాడి కలం ఆగింది. మత్తు పదార్థాలు ఎప్పుడయినా పండించావా, అమ్మావా, చేరవేశావా అని. "బాబాయ్, మనం ఆ మొక్కకి నీళ్ళు పోశాం కదా, దీనికేం రాయాలి?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

వకీలు దగ్గరికి వెళ్తే ఆవిడ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. వలస చట్టం కేంద్రానిది. కేంద్రం దృష్టిలో గంజాయి పెంచటం ఇప్పటికీ నేరమే. రాష్ట్రం ఒప్పుకున్నా సరే, అది "సత్ప్రవర్తన"కి అడ్డు రావచ్చని పౌరసత్వశాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసిపెట్టింది. శిక్ష పడక్కర్లేదు, ఒప్పుకుంటే చాలు. విదేశం వెళ్ళి తిరిగి వస్తున్నప్పుడు విమానాశ్రయంలో ఒప్పుకున్నా చిక్కే. అబద్ధం రాస్తే అది ఇంకా పెద్ద నేరం. ఆ వేసవి గడిచి అయిదేళ్ళు నిండేదాకా దరఖాస్తు పెట్టవద్దనీ, ఈలోగా ప్రయాణాలు మానుకోమనీ ఆవిడ సలహా. మా తోడల్లుడికి ఆరోగ్యం బాగుండదు. కొడుకు ఎందుకు రావటం లేదో ఆయనకి ఇంతవరకు ఎవరం సరిగ్గా చెప్పలేదు.

ఆ మొక్కని నేను తిరిగొచ్చిన రోజే పెద్దాయనకి ఇచ్చేశాను. ఆయనకి జరిగింది చెప్తే నమ్మలేకపోయాడు. "ఇద్దరం ఒకే మొక్కకి నీళ్ళు పోశాం కదా!" అన్నాడు. ఆయన పోస్తే తోటపని, మావాడు పోస్తే నేరం. 1870లో నాటాల్ చట్టంలో ఉన్నదీ ఈ తేడానే అని ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ నాటాల్‌ ఉన్న దేశంలోనే, 2018 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, పెద్దవాళ్ళు సొంతానికి ఇంట్లో పెంచుకుంటే తప్పు కాదని తీర్పు చెప్పింది. కూలీల మునిమనవలు ఈనాడు అక్కడ మిగతా పౌరులతో సమానంగా ఆ తీర్పు కిందకి వస్తారు. అందుకు నూట నలభై ఎనిమిదేళ్ళు పట్టింది.

గంజాయి మంచిదనో చెడ్డదనో తేల్చటం నా ఉద్దేశం కాదు. చదువుకునే వయసు పిల్లలకి అది హాని చేస్తుందని వైద్యులు చెప్తున్నారు, నేను నమ్ముతాను. నేను చెప్పదలుచుకున్నది మన ఇళ్ళకి సంబంధించినది. మన ఇళ్ళల్లో ఒకే కప్పు కింద పౌరులు, గ్రీన్‌కార్డువాళ్ళు, వీసాలవాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చిన అమ్మా నాన్నలు ఉంటారు. మొక్కని చూసే ముందు చట్టం మనిషి కాగితాలు చూస్తుంది. పొరుగువాడు ప్రేమగా మొక్క ఇస్తే, ముందు మీ ఇంట్లో ఎవరెవరి దగ్గర ఏ కాగితాలున్నాయో చూసుకోండి.

ఈ ఏడు కూడా గోంగూర బాగా వచ్చింది. కంచె దాటకుండా కొసలు తుంచేస్తున్నాను. నీళ్ళు మాత్రం నేనే పోస్తున్నాను, మావాడు "నేను పోస్తాను బాబాయ్" అన్నా వినకుండా.