ఎదురెదురుగా రెండు ఇంజన్లు

మా కోరుట్ల మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గం 2017లో పూర్తయింది. ఆ బండి కూత విన్నప్పుడల్లా నాకు 2022 మార్చి 4 గుర్తుకు వస్తుంది. ఆనాడు వికారాబాదు మార్గంలో, గుల్లగూడ–చిట్గిద్ద స్టేషన్ల నడుమ, ఒకే పట్టాలపై రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపించారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండవదానిలో రైల్వే బోర్డు అధ్యక్షుడు. బ్రేకు వేసినది డ్రైవరు కాదు, ‘కవచ్’. ఇంకా 380 మీటర్ల దూరముండగానే ఇంజను ఆగింది.

కర్ణునికి కవచం పుట్టుకతో వచ్చింది. ఇది 2016 నుండి ప్రయాణికుల బండ్లపై పరీక్షకు నిలిచి సంపాదించుకున్నది. ఏళ్ళ తరబడి సిగ్నలును తన కంటితో చూసి, తన చేతితో బండిని ఆపిన డ్రైవరు యంత్రాన్ని ఉత్తర్వు చూసి నమ్మడు. నమ్మమన్నవారు పక్కన కూర్చుంటే కొంత నమ్ముతాడేమో!

అయితే పట్టాలపై ఉన్న మనిషిని కవచ్ గుర్తించలేదు. మొన్న సుత్తి భుజాన వేసుకొని పోతున్న కీమాన్‌కు ఈ కథ చెప్పబోయి, ఊరకున్నాను.