బెజవాడ నుంచి ఊరూరికీ పుస్తకం

బెజవాడ అనగానే పైఊళ్ళవాళ్ళకు దుర్గమ్మ కొండ, కృష్ణ బ్యారేజీ, మండే ఎండ గుర్తొస్తాయి. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు వీటితోపాటు ఒక తేదీ కూడా గుర్తొస్తుంది: 1914 ఏప్రిల్ 10. ఆ రోజు రామమోహన గ్రంథాలయం వారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు మా ఊళ్ళో సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరిగి పోగుచేసిన ఉత్సాహమంతా ఆ సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘంగా రూపుకట్టింది. దేశంలో ఇలాంటి సంఘం అదే మొదటిది.

దాని అవసరం ఏమిటో నాటి పల్లె గ్రంథాలయాన్ని తలచుకుంటే తెలుస్తుంది. పట్టుదల ఉన్న ఒక కుర్రాడు, ఎవరో ఇచ్చిన వసారా, ఒక బీరువా, చందాలతో వచ్చే ఒక పత్రిక. ఆ కుర్రాడు ఉద్యోగానికి వెళ్ళిపోతే బీరువాకు తాళం పడేది. కొత్త పుస్తకం అచ్చయిందని చెప్పేవాళ్ళు లేరు, పుస్తకాల పట్టీ ఎలా రాయాలో నేర్పేవాళ్ళు లేరు. సంఘం ఈ ఒంటరితనాన్ని పోగొట్టింది. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక ఒక ఊరి అనుభవాన్ని మరో ఊరికి చేర్చింది. మహాసభల్లో కార్యకర్తలు ఒకరినొకరు కలుసుకున్నారు. గ్రంథాలయ యాత్రల పేరుతో జట్లుగా పాడుకుంటూ పల్లెలు తిరిగి, పుస్తకాలు అడిగి తెచ్చి, లేనిచోట గ్రంథాలయం పెట్టించారు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది పడవ గ్రంథాలయం. కృష్ణ అవతలి ఒడ్డున, తెనాలి ప్రాంతంలోని పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు శారదా గ్రంథాలయాన్ని నడిపేవారు. ఆ రోజుల్లో డెల్టా జనానికి కాలువే దారి. పడవ ఎక్కితే గంటల ప్రయాణం, కబుర్లు తప్ప కాలక్షేపం లేదు. ఆయన 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య తిరిగే పడవలో పుస్తకాలు పెట్టించారు. ఎక్కినవాళ్ళు చదువుకున్నారు, గట్టు మీది ఊళ్ళకూ పుస్తకాలు అందాయి. మోటారు వాహనం లేదని, డబ్బు లేదని ఆయన ఆగలేదు. పారే నీటినే వాడుకున్నారు. గ్రంథాలయ సేవలో ఇంతకు మించిన తెలివిని నేను వినలేదు.

ఆయనే తర్వాత మా బెజవాడ వచ్చి సంఘానికి సొంత ఇల్లు కట్టించారు. ఏళ్ళ తరబడి సంఘానికి పెద్దదిక్కుగా నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరిట, పటమటలంకలో అది సర్వోత్తమ భవనంగా నిలిచింది. గ్రంథపాలకులకు శిక్షణ కూడా అక్కడ ఇచ్చారు. నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ తమ తమ ఊళ్ళకు వెళ్ళి బీరువాల తాళాలు తీశారు.

1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చాక ఊరూరికీ పుస్తకం చేర్చే బరువును జిల్లా గ్రంథాలయ సంస్థలు ఎత్తుకున్నాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయం, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, గ్రంథాలయం పెట్టలేని ఊళ్ళలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు. పుస్తకాలు కొనేది ఒకచోట, చదివేది వందచోట్ల. చిన్న ఊరి శాఖ తనంతట తాను ఎన్నటికీ కొనలేని నిఘంటువు, పోటీపరీక్షల పుస్తకం ఈ ఏర్పాటు వల్లనే దాని బల్ల మీదికి వస్తాయి. దీని ఖర్చు ముఖ్యంగా మన ఇంటిపన్ను నుంచే: రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు.

ఆ సెస్సు మనం కడుతున్నాం. వసూలు చేసినవాళ్ళు దాన్ని గ్రంథాలయ సంస్థకు వెంటనే జమచెయ్యకపోతే కొత్త పుస్తకాలు రావు, ఖాళీ అయిన గ్రంథపాలకుడి కుర్చీ నిండదు. ఈసారి పన్ను కట్టినప్పుడు రసీదులో ఆ పద్దు చూసుకోండి. ఆ సొమ్ము ఎక్కడికి చేరిందో అడగండి. అలాగే దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, మీ పేరున ఒక సభ్యత్వం తీసుకోండి.