కాపీరైటు – విద్యార్థి హక్కు

ఎం.ఏ. చదివే రోజుల్లో మా లైబ్రరీలో ఒకే ప్రతి ఉన్న విమర్శ గ్రంథాలను వంతులవారీగా కూర్చుని రాసుకునేవాళ్లం. చేతిలో డబ్బులున్న రోజున కావలసిన అధ్యాయాన్ని జెరాక్స్ తీయించుకునేవాళ్లం. అది దొంగతనమని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతూ, అప్పుడప్పుడు విమర్శ రాస్తున్న నన్ను ఆ ప్రశ్న నిలదీస్తోంది. రచయితగా నేను ఎటువైపు? ఢిల్లీలో నడిచిన ఒక దావా చరిత్ర ఇందుకు సమాధానం చెబుతుంది.

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్సులు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరీ ఫొటోకాపీ సర్వీస్ అనే చిన్న దుకాణం మీద హైకోర్టుకెక్కాయి. సిలబస్‌లో సూచించిన అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల నుంచి కాపీ తీసి, ఒక కట్టగా చేసి విద్యార్థులకు అమ్ముతున్నారన్నది అభియోగం. అక్టోబరులో కోర్టు ఆ అమ్మకాన్ని తాత్కాలికంగా ఆపించింది. విద్యార్థులు సంఘంగా ఏర్పడి దావాలో చేరారు. దావా విరమించుకోమని మూడు వందల మందికి పైగా రచయితలు, అధ్యాపకులు ప్రచురణకర్తలను కోరారు. వారిలో ఆ పుస్తకాలు రాసినవారు కూడా కొందరుండటం గమనార్హం.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టివేశారు. కాపీరైటు సహజసిద్ధమైన హక్కు కాదనీ, ప్రజల విజ్ఞానవృద్ధి కోసం చట్టం కల్పించినదనీ ఆ తీర్పు సారాంశం. తాను చదువుకునే రోజుల్లో విద్యార్థులు లైబ్రరీలో వంతులు వేసుకుని పేజీలకు పేజీలు చేత్తో రాసుకున్న సంగతినీ ఆయన అందులో ప్రస్తావించారు. చేత్తో రాస్తే తప్పు కానిది యంత్రంతో తీస్తే ఎలా తప్పవుతుంది?

బోధన క్రమంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసుకునే ప్రతులు ఉల్లంఘన కావని 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. బోధన అంటే తరగతి గదిలో చెప్పే పాఠం మాత్రమే కాదని డిసెంబరు 9న డివిజన్ బెంచి కూడా అంగీకరించింది. అయితే తీసిన కాపీలు కోర్సు అవసరం మేరకే ఉన్నాయా అన్నది విచారణలో తేల్చాలంది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకోవడంతో ఆ విచారణ జరగనే లేదు.

ఈ షరతును మనం విస్మరించరాదు. పాఠానికి అవసరమైన అధ్యాయాన్ని తీసుకోవడం వేరు; అప్పు చేసి అచ్చేసుకున్న ఒక కవి సంపుటిని మొత్తంగా నకలు తీసి అమ్ముకోవడం వేరు. రెండోదానికి ఈ తీర్పును అడ్డుపెట్టుకోలేం. మొదటిది మాత్రం ప్రచురణకర్త దయ కాదు, విద్యార్థి హక్కు. పుస్తకం కొనలేనివాడు కూడా మన పాఠకుడే. అతణ్ణి కోర్టుకీడ్చే పనికి రచయిత పేరు వాడుకుంటే, కాదని చెప్పవలసింది ముందు మనమే.