కరువు పనిలో సేవకుని నడవడి – ఒక నియమపు చరిత్ర

సాంఘిక సేవా సంస్థలలో చేరే ఉద్యోగులు ప్రవర్తనా నియమావళిపై సంతకం చేయడం ఇప్పుడు వాడుకలోనికి వచ్చింది. ఇది విదేశీ దాతలు మనపై మోపిన కాగితమని కొందరు విసుగుకొనుట కద్దు. కాని అందులోని ప్రధానమైన నియమమొకటి నూట యేబది యేండ్ల క్రిందటనే గుండ్లకమ్మ ప్రాంతములో ఆచరణకు వచ్చినది.

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు మద్రాసు ప్రభుత్వము కరువు పనిగా బకింగుహాం కాలువ త్రవ్విస్తున్నది. 1866 నుండి ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు అందులో మూడు మైళ్ళకు పైగా పనిని కాంట్రాక్టు తీసికొని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపారు. వచ్చిన కూలీలలో మాదిగలు ఎందరో. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గంప మోసినవానికి కూలి లెక్క చూచేవాడూ, వానికి సువార్త చెప్పేవాడూ ఒక్కడే! ఆకలితో ఉన్నవాడు ఆ మేస్త్రీ మాటకు కాదనగలడా?

దొరగారు ఈ ప్రమాదమును గుర్తించి, కరువు సాగినంతకాలము, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మములు ఆపివేశారు. ఎందరు వచ్చి అడిగినా ఇవ్వలేదు. సహాయపు సొమ్ము ఇక లేదని తెలిసిన తరువాత కూడ జనము వెల్లంపల్లికి తరలివచ్చినప్పుడే ఒప్పుకొన్నారు. 1878 జూలై 3న అక్కడ 2,222 మంది బాప్తిస్మము పొందారు. 'బియ్యపు క్రైస్తవులు' అన్న నింద అప్పటికీ పోలేదు. అయితే ఆ పదిహేను నెలల ఆగుదలే లేకుంటే ఆ నిందకు మన దగ్గర జవాబే ఉండేది కాదు. ఒక మాట మాత్రము దాచరాదు. పని విరామములో ఆ మేస్త్రీలే బోధించేవారు. నేటి కొలతకు అది పూర్తిగా నిలువదు.

ఒక దొర మనస్సాక్షి మీద ఆధారపడిన ఈ నియమము అందరికీ వ్రాతలోనికి వచ్చినది 1994లో. రెడ్ క్రాస్ ఉద్యమము, సహాయ సంస్థలు కలిసి పది సూత్రముల నియమావళి తయారు చేశాయి. తయారు చేసినవారిలో కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ సంఘముల సమితి ఉన్నవి. సంస్థకు తన విశ్వాసము ఉండవచ్చును గాని, సహాయము దానిని అంగీకరించుటపై ఆధారపడరాదని మూడవ సూత్రము. దాతలకే కాక సహాయము పొందువారికి కూడ లెక్క చెప్పాలని తొమ్మిదవది. అయితే ఇది స్వచ్ఛందము. తప్పినవారిని అడిగే అధికారి లేడు.

ఆ లోటు ఎంతటిదో 2002లో బయటపడింది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థుల శిబిరాలలో సహాయ సిబ్బందే తిండి ఆశ చూపి బాలికలను చెరుస్తున్నారని పరిశీలకులు తెలిపారు. మరుసటి యేడు ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఆజ్ఞ వెలువడింది. డబ్బు, పని, సరుకు ఎరచూపి లైంగిక సంబంధము నిషిద్ధము. పద్దెనిమిదేండ్ల లోపువారితో నిషిద్ధము. వయస్సు తెలియలేదనుట సాకు కాదు. తోటి ఉద్యోగిపై అనుమానము కలిగితే తెలియజేయుట విధి.

మన చిన్న సంస్థలలో ఈ చివరిదే కష్టము. గుమాస్తా సూపర్‌వైజరుకు బావమరిది, ఇద్దరూ ఒకే సంఘ సభ్యులు. చెప్పినవాడే ఇంటిగుట్టు బయటపెట్టిన ద్రోహి అవుతాడు.

పెద్ద సంస్థలకూ ఇదే జాడ్యము. 1994 నియమావళిని వ్రాసినవారిలో ఒకటైన ఆక్స్‌ఫాం, భూకంపము తరువాత హైతీలో తన సిబ్బంది కొందరు తప్పుగా నడచినట్లు 2011లో కనుగొని, నలుగురిని తొలగించి ముగ్గురి రాజీనామాలు పుచ్చుకొన్నది. సంగతి పూర్తిగా లోకానికి తెలిసింది 2018లో. అప్పటికి అక్కడి ప్రధానాధికారి మరొక సహాయ సంస్థలో పనిచేసి ఉన్నాడు. అటుపిమ్మట 2019లో, ఒకరిని పనిలో చేర్చుకొనే ముందు అతని నడవడి గురించి పాత సంస్థను అడిగి తెలుసుకొనే ఏర్పాటు కొన్ని సంస్థల మధ్య మొదలైంది.