అనంతగిరి నల్లరాయి, సముద్రపు గుల్లలు

వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో మనోళ్లు పశువులు మేపే నేల కింద నల్లరాయి ఉంది. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద గడ్డకట్టిన దక్కన్ లావా. ఆ లావా తూర్పున రాజమండ్రి దాకా పారింది. అప్పుడక్కడ సముద్రపు ఒడ్డు. అక్కడి క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సున్నపురాయి దొరుకుతది. 2008లో గెర్టా కెల్లర్ బృందం అందులో ఫోరామినిఫెరా గుల్లలను చూపించింది. ఇవి నీళ్లలో తేలే ప్లాంక్టన్, ఇసుక రేణువంత జీవులు. రాక్షసబల్లులు అంతరించినంక బతికిన చిన్న రకాలు. తేలే ఫోరామినిఫెరాల్లో దాదాపు పదింట తొమ్మిది రకాలు ఆ విపత్తులోనే పోయినయ్. కారణం ఉల్కా, లావానా అని శాస్త్రవేత్తలు ఇంకా కొట్లాడుకుంటున్నరు గానీ, అప్పుడు సముద్రం ఆమ్లం వైపు జరిగిందనడానికి ఆధారాలున్నాయి.

మరి మన తాండూరు? ఆ బండ ఇంకెంతో పాత సముద్రపు సున్నం. సిమెంటు కోసం 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తది. మనుషులు వదిలే ఈ వాయువులో సుమారు పావువంతును సముద్రం మింగుతది. నీళ్లు ఆమ్లం వైపు జరిగే కొద్దీ గుల్ల కట్టుకోవడం కష్టం. పైగా బంగాళాఖాతంలో 100 మీటర్ల కింద ఆక్సిజన్ ఇప్పటికే చాలా తక్కువ. కిందికి దిగలేని ప్లాంక్టన్ పైపొరలోనే ఇరుక్కుంటది, అక్కడ చేపలకు సులువుగా దొరికిపోతది.