ఒడ్డున చిక్కిన స్ప్రే నావ

చిన్న తెరచాప నావకు నడిసముద్రం కంటె తీరమే ఎక్కువ భయంకరమైనది. నడిసముద్రంలో నావ చుట్టూ ఉండేది నీరు మాత్రమే. తీరాన ఇసుక తిన్నెలు, రాళ్లు పొంచి ఉంటాయి. ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకమ్‌కు ఈ ప్రమాదం 1895 డిసెంబరు 11న, తెల్లవారుజామున, ఉరుగ్వే తీరంలో ఎదురయింది.

స్లోకమ్ 1844లో నోవా స్కోషియాలో పుట్టాడు. పెద్ద ఓడలకు కప్తానుగా పనిచేశాడు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాపలకు గిరాకీ పోయిన రోజులలో, శిథిలమై పడిఉన్న ఒక నావను 13 నెలలు శ్రమించి తిరిగి కట్టుకొన్నాడు. దాని పేరు స్ప్రే. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. అందులో నిండు పడవను పెట్టుకోవడానికి చోటు లేదు. కనుక ఒక పాత తెడ్ల పడవను సగానికి కోసి, కోసినవైపు పలకలు బిగించి ఉంచుకొన్నాడు. బట్టలు ఉతుక్కొనే తొట్టి కూడా అదే!

ఆ రాత్రి నావ దక్షిణానికి పోతున్నది. తీరానికి దూరంగా ప్రవాహం ఎదురుగా ఉండడంచేత స్లోకమ్ ఒడ్డు పక్కగానే నడిపాడు. వెన్నెలలో ఇసుక దిబ్బలు అతని కంటిని మోసగించాయి. అటువంటి వెలుతురులో రంగులు తెలియవు. పక్కన చెట్టో ఇల్లో లేకపోతే దిబ్బ ఎంత ఎత్తో, ఎంత దూరమో అంచనా కట్టడం కష్టం. నావ ఇసుకలో దిగబడింది.

చిన్న లంగరును పడవలో తీసుకుపోయి వేశాడు గాని, అప్పటికే ఆటు మొదలై నీరు ఒక అడుగు దిగిపోయింది. ఇక పెద్ద లంగరు వేసి మరుసటి పోటుకు కాచుకోవలసిందే. లంగరును నావ పక్కనే పడవేస్తే ప్రయోజనం లేదు. తాడు నిలువుగా లాగితే దాని కొక్కేలు ఊడివస్తాయి. దూరంనుంచి, నేలకు ఇంచుమించు సమాంతరంగా లాగినప్పుడే ఇసుకలోకి ఇంకా లోతుగా దిగుతాయి.

లంగరు, తాడు రెండూ ఎక్కించేసరికి సగం పడవ అలలలో మునిగింది. అప్పుడు తాడును రెండు ముక్కలు చేశాడు. లంగరునూ, దానికి కట్టిన 40 బారల తాడునూ, అంటే 240 అడుగులు, తాడు కొసకు తేలే గుర్తు కట్టి బయలుదేరాడు. తగినంత దూరం చేరేసరికి పడవ అంచులదాకా నీరు నిండింది. లేచి నిలబడి లంగరును తలపైకెత్తి విసిరాడు. మరుక్షణమే పడవ బోర్లపడింది. తనకు ఈత రాదని ఆయనకు అప్పుడు గుర్తుకు వచ్చింది!

తొందరపడి తిప్పితే పడవ మళ్లీ బోర్లపడేది. ప్రవాహం సముద్రంలోకి లాగుతున్నది. మూడుసార్లు నీట మునిగాడు. ఊళ్లో అపశకునం పలికిన వారి మాట నెగ్గనీయకూడదన్న పంతం ఒక్కటే మిగిలింది. నాలుగవసారి మెల్లగా, నిబ్బరంగా తిప్పి పైకెక్కి, దొరికిన ఒక తెడ్డుతో ఒడ్డు చేరాడు. తరువాత రెండవ ముక్కను తేలుతున్న కొసకు ముడివేసి నావదాకా తెచ్చాడు. తాడు సరిగ్గా సరిపోయింది.

అలసి ఇసుకలో పడుకొని ఉండగా, గుర్రంపై వచ్చిన ఒక కుర్రవాడు నావను దొరికిన సొత్తు అనుకొని, తాడు కట్టి ఇంటికి లాగబోయాడట. స్ప్రే కదలలేదు. చివరకు చుట్టుపక్కలవారి సాయంతో, ఆ లంగరు ఆధారంగానే నావ నీటిలోకి వచ్చింది. అడుగు దూలంలో కొంతభాగం పోయింది. మాంటెవిడియోలో రాయల్ మెయిల్ ఓడల కంపెనీ ప్రతినిధులు ఉచితంగా బాగుచేయించారు. 1898 జూన్ 27న, 46,000 మైళ్లు తిరిగి, స్ప్రే న్యూపోర్టు రేవు చేరింది.