ఖాతాలో వందల కోట్లు.. తీరా చూస్తే సున్నా! యూరప్ కంపెనీ చట్టాలు ఎందుకు మారాయంటే?

లెక్కల పుస్తకాల్లో కోట్లు కనిపిస్తాయి. బ్యాంకును అడిగితే అలాంటి ఖాతానే లేదంటుంది. యూరప్‌కు ఈ దెబ్బ రెండుసార్లు గట్టిగా తగిలింది. కంపెనీలను నమ్మి పొదుపు సొమ్ము పెట్టిన సామాన్యులు నష్టపోయారు. దీంతో కంపెనీ చట్టాలను బిగించక తప్పలేదు.

ఎక్కడ మొదలైంది?

2001లో అమెరికాలో ఎన్రాన్ కుప్పకూలడంతో యూరప్ కూడా ఉలిక్కిపడింది. కంపెనీ చట్టాలను ఆధునికీకరించేందుకు యూరోపియన్ కమిషన్ 2003 మేలో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇటలీ పాల ఉత్పత్తుల దిగ్గజం పార్మలాట్ బాగోతం బయటపడింది. బ్యాంక్ ఆఫ్ అమెరికాలో తమ అనుబంధ సంస్థకు దాదాపు 395 కోట్ల యూరోలు ఉన్నాయంటూ చూపిన పత్రం నకిలీదని తేలింది.

ఏమేం మారాయి?

* 2007: ఓటు వేయాలంటే సమావేశానికి ముందు కొన్ని రోజులు షేర్లు అమ్మకూడదన్న షరతు కొన్ని దేశాల్లో ఉండేది. షేర్‌హోల్డర్ల హక్కుల డైరెక్టివ్‌తో అది పోయింది.

* 2014: లిస్టెడ్ కంపెనీలు, బ్యాంకులు, బీమా సంస్థలు ఒకే ఆడిట్ సంస్థను పదేళ్లకు మించి కొనసాగించకూడదు. అయితే గడువు పెంచుకునే వీలును ఆయా దేశాలకే వదిలేశారు.

* 2017: డైరెక్టర్ల జీతభత్యాల విధానంపై కనీసం నాలుగేళ్లకోసారి షేర్‌హోల్డర్ల ఓటు తీసుకోవాలి.

* 2022: పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో నాన్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో 40 శాతం, లేదా మొత్తం డైరెక్టర్లలో 33 శాతం పదవులు తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవారికి, అంటే ఎక్కువ చోట్ల మహిళలకు దక్కాలి. గడువు 2026 జూన్ 30.

ఇన్ని ఉన్నా మళ్లీ ఎలా జరిగింది?

డైరెక్టివ్ అంటే ఉమ్మడి చట్రం మాత్రమే. దాన్ని సొంత చట్టంగా మార్చుకోవాల్సింది, అమలు చేయాల్సింది ఆయా దేశాలే. లొసుగులు మిగిలేది అక్కడే. జర్మనీ పేమెంట్స్ కంపెనీ వైర్‌కార్డ్ లెక్కలపై ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 2019లోనే అనుమానాలు బయటపెట్టింది. కానీ నియంత్రణ సంస్థ బాఫిన్ ఆ జర్నలిస్టులపైనే ఫిర్యాదు చేసింది! చివరికి 2020 జూన్‌లో.. ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయన్న 190 కోట్ల యూరోలు బహుశా లేనే లేవని కంపెనీయే ఒప్పుకుంది. కొద్ది రోజులకే దివాలా పిటిషన్ వేసింది. జర్మనీ ప్రధాన స్టాక్ సూచీ డాక్స్‌లో ఉండగా ఇలా కుప్పకూలిన తొలి కంపెనీ ఇదే.

ఆ తర్వాత 2021లో జర్మనీ కొత్త చట్టం తెచ్చింది. ఆడిటర్ మార్పునకు పదేళ్ల గడువును మినహాయింపుల్లేకుండా ఖరారు చేసింది. కంపెనీల లెక్కలను నేరుగా తనిఖీ చేసే అధికారాలు బాఫిన్‌కు ఇచ్చింది.

రెండు కేసుల్లోనూ నకిలీ కాగితాలే అందరినీ నమ్మించాయి. నిబంధనలు ఎన్ని ఉన్నా.. డబ్బు నిజంగా ఉందా అని గట్టిగా అడిగే ఆడిటర్, ఆ ప్రశ్నను పట్టించుకునే బోర్డు, నియంత్రణ సంస్థ ఉంటేనే మదుపరి సొమ్ముకు భరోసా.